పిండిన పండు, రుబ్బిన పండు

“పండు చేతికిచ్చిన మావాడు ఒక కొఱుకు కొఱికి పారవేయును, అదే పండును పిండి గ్లాసులో పోసి యిచ్చితిమా, గుటగుట త్రాగి మరల అడుగును. ఎట్లైనను కడుపులోనికి పోవునది పండే కదా, రసమైన నేమి, ముక్కలైన నేమి?” అని పసిపిల్లల తల్లులు అడుగుట తఱచు వినుచుందుము. ప్రశ్న చిన్నది, కాని దానికి సరియైన సమాధానము చెప్పవలెనన్నచో పండు నిర్మాణమును, పిల్లవాని నాలుకను, ప్రేగుల నడవడిని, పాలు విరుగుటకును జావ పలుచనగుటకును గల కారణములను కొంతకొంత తడవి చూడక తప్పదు.

విడపనకల్లువంటి చోట ఈ ప్రశ్న మఱింత పదునెక్కును. గుంతకల్లునుండి బళ్ళారికి పోవు దారిలో, కర్ణాటక సరిహద్దును ఆనుకొని యున్న ఈ మండలము, ఏటికి 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వర్షము పడు అనంతపుర పీఠభూమిలోనిది. ఆ కొద్ది వానయు చెప్పినవేళకు రాదు. ఇక్కడి నల్లరేగడిలో మిరప, ప్రత్తి, పప్పుశెనగ పండును. జిల్లాలో నార్పల, గార్లదిన్నె, తాడిపత్రి వైపు చీనీతోటలు దట్టముగా నున్నవి. దానిమ్మ, బొప్పాయి, కర్బూజ, కళింగర పంటలు బోరుబావుల క్రింద విస్తరించినవి. పండ్ల సేద్యమునకు ఈ కరువుజిల్లా రాష్ట్రమంతట పేరుపొందినది. ఐనను ఆ పండ్లలో అధికభాగము లారీలకెక్కి దూరపు నగరములకు పోవును. కూలిడబ్బులతో నడచు ఇంటిలో, ఒక్క గ్లాసు రసము కొరకు మూడు నాలుగు చీనీకాయలు పిండి, పిప్పిని పెంటకుప్పపై వేయుట తగునా తగదా యన్నది ఆరోగ్యపు లెక్క యగుటయే గాక, ఇంటిఖర్చు లెక్కయు నగుచున్నది. ఈ రెండు లెక్కలకును సమాధాన మొక్కటే యని ఈ అధ్యాయమున చూడగలము.

పండులోని గదులు

చీనీ తొనను ఒలిచి, పైపొరను చీల్చి వెలుతురులో పెట్టి చూచినచో సన్నని రసపుతిత్తులు కనబడును. ఒక్కొక్క తిత్తియు కంటికందని మఱింత చిన్న గదుల సముదాయము. జీవశాస్త్రజ్ఞులు కణములని పిలుచు ఈ గదుల గోడలు సెల్యులోజ్ అను గట్టిపీచుతోను, పెక్టిన్ అను జిగురుతోను నిర్మితములైనవి; ప్రక్కప్రక్క గదులను అంటించి యుంచునది ఆ జిగురే. గదిలోపల తీపినీరు నిండియుండును. పండు చక్కెరయు, పులుపును, విటమిన్ సి యు ఆ నీటిలోనివి. పండు పక్వమగుకొలది పెక్టిన్ కరగి గోడలు సడలును. పచ్చిబొప్పాయి కత్తికి ఎదురు నిలువగా, మాగినది వ్రేలి ఒత్తిడికే లొంగుటకు కారణ మిది.

పండును నమలునప్పుడు దంతములు కొన్ని గదులను మాత్రమే పగులగొట్టును. తక్కినవి ముక్కలలో దాగియే కడుపులోనికి పోయి, అక్కడ మెల్లగా విచ్చుకొనును. మిక్సీలో రుబ్బినప్పుడు గదులు చాలవఱకు చితికిపోవును గాని, విఱిగిన గోడల పీచు గ్లాసులోనే యుండును. పిండి వడకట్టినప్పుడు గోడలన్నియు జల్లెడమీద మిగిలిపోవగా, చక్కెరనీరు మాత్రము గ్లాసులోనికి దిగును. కావున నమలుట, రుబ్బుట, పిండుట అను మూడు పనులు ఒకే పండునుండి మూడు వేర్వేరు ఆహారములను పుట్టించుచున్నవి.

ఈ భేదమును 1977లో ఇంగ్లండునందలి బ్రిస్టల్ నగర వైద్యులు ప్రయోగపూర్వకముగా కొలిచిరి. పదిమంది ఆరోగ్యవంతులకు ఆపిల్ పండును ముక్కలుగా నొకమారు, గుజ్జుగా నొకమారు, రసముగా నొకమారు, చక్కెర మూడింటను సమానముగా నుండునట్లు ఇచ్చి చూచిరి. రసమును ముక్కలకంటె 11 రెట్లు, గుజ్జుకంటె 4 రెట్లు వేగముగా త్రాగగలిగిరి. కడుపు నిండెనను తృప్తి ముక్కలతో అధికముగను, గుజ్జుతో అంతకంటె తక్కువగను, రసముతో అన్నిటికంటె తక్కువగను కలిగెను. రక్తములో చక్కెర పెరిగిన ఎత్తు మూడింటను ఇంచుమించు ఒకటియే. కాని రసము త్రాగిన పిదప ఇన్సులిన్ అధికముగా నూరి, దానివెంట చక్కెర ఒక్కసారిగా దిగజారెను. గుజ్జు తినిన పిదప ఆ పతనము కొంచెము; ముక్కలు తినిన పిదప లేనే లేదు.

చెరువు క్రింద సేద్యము చేసినవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. తూము తెఱచి పారించిన నీరు కాలువవెంట నడచి, మడి వెనుక మడిని తడిపి, పైరు వేళ్ళకు త్రాగుటకు వ్యవధి నిచ్చును; అదే నీరు కట్టకు గండిపడి వచ్చినచో, పరిమాణము అంతయే యైనను, మడిలో నిలువక గట్లు తెంచుకొని పోవును, మరునాటికి పైరు దాహముతోనే యుండును. పండుపీచు ఆ తూమువంటిది. అది కడుపునుండి ప్రేగులకు పోవు సరకును నిదానింపజేయును. వడకట్టిన రసము గండినీరు. వేగముగా చేరిన చక్కెరను అణచుటకు దేహము ఇన్సులిన్ అధికముగా పంపగా, అది పని ముగించునప్పటికి పిల్లవాడు మరల ఆకలియని వచ్చును. పీచు తూముగా నుండుటయే గాక, పెద్దప్రేగులోని మేలుచేయు సూక్ష్మజీవులకు ఆహారమై, మలబద్ధకమును కూడ నివారించును. ఈ విచారణలో గుజ్జునకు నడిమిస్థానము దక్కినది. అది ముక్కలంత మేలైనది కాదు, రసమంత చెడినదియు కాదు.

ఇందువలననే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చక్కెరను గూర్చి చేసిన సూచనలలో, డబ్బానుండి తీసి కలిపిన పంచదారతోబాటు తేనెను, పండ్లరసములోని చక్కెరను కూడ విడిచక్కెరగనే లెక్కించి, పండులోను పాలలోను సహజముగా నుండు చక్కెరను ఆ లెక్కనుండి తప్పించెను. గోడలో నున్నంతవఱకు అది పండు. గోడ దాటిన పిమ్మట అది చక్కెర. దినమున తిను ఆహారశక్తిలో ఈ విడిచక్కెర పదవవంతు మించరాదని ఆ సంస్థ నిర్ణయము. 1918లో కూనూరున చిన్న పరిశోధనశాలగా మొదలై 1958లో హైదరాబాదునకు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థయు, 2024లో వెలువరించిన ఆహార సూత్రములలో, రసముకంటె పండే మేలని చెప్పి, 7 మొదలు 10 ఏండ్ల పిల్లలకు దినమునకు 24 గ్రాముల చక్కెర మించరాదనెను. నూరు మిల్లీలీటర్ల చెఱకురసములో 13 నుండి 15 గ్రాముల చక్కెర యున్నదని ఆ పుస్తకమే తెలుపుచున్నది గనుక, ఎండలో నిలిచి త్రాగిన ఒక్క పెద్దగ్లాసు చెఱకురసముతో ఆ పిల్లవాని ఆనాటి భాగము దాటిపోవును.

పిల్లల నాలుక కోరునది

పీచు మంచిదని చెప్పినంతమాత్రమున పిల్లవాడు త్రాగడు గదా! వాని నాలుక పెద్దల నాలుకవలె నుండదు. పసితనమున తీపిపై మక్కువయు, చేదుపై విముఖతయు మిక్కుటముగా నుండి, యౌవనారంభమున క్రమముగా తగ్గును. మొదట రుచిచూచిన తల్లిపాలు తీయనివి. అడవికాయలలో విషముగలవి తఱచు చేదైనవి. కాబట్టి ఈ స్వభావమును ప్రకృతి పిల్లల రక్షణకే యిచ్చెనని చెప్పవచ్చును. దీనిని మందలింపుతో మార్చలేము, ఉపాయముతో మలచుకొనగలము.

మొదటి ఉపాయము పండును పూర్తిగా మాగనిచ్చుట. అరటికాయలోని పిండిపదార్థము మాగుకొలది చక్కెరగా మారును. తొక్కపై నల్లని చుక్కలు పడిన అరటిపండు, మెత్తబడిన సపోటా, అంగడిలో చౌకగా వచ్చుటయే గాక, పానీయమునకు పంచదార అక్కఱలేనంత తీపి నిచ్చును. ఒకటి రెండు నానవేసిన ఖర్జూరములను రుబ్బి కలిపినను చాలును. వానితోబాటు పీచుకూడ వచ్చును.

రెండవది చల్లదనమును మితముగా వాడుట. నాలుకపై తీపివార్తను మెదడునకు పంపు కణములలో TRPM5 అను ఒక ద్వారము కలదు. అది వెచ్చదనమునకు బాగుగా తెఱచుకొనుననియు, చల్లదనమునకు మందగించుననియు బెల్జియము దేశమందలి లూవెన్ శాస్త్రజ్ఞులు 2005లో కనుగొనిరి. మంచుగడ్డ వేసిన పానీయమునకు పంచదార అధికముగా కావలసివచ్చుటకు, కరగిన ఐస్‌క్రీము వెగటుగా తోచుటకు ఇదియే కారణము. ఐస్ తీసివేసి కుండచల్లదనముతో ఇచ్చినచో అదే పండు మఱింత తీయగా నుండును. మట్టికుండ గోడగుండా ఊరిన నీరు ఆవిరియగుచు, అందుకు కావలసిన వేడిమిని లోపలి నీటినుండి లాగుకొనును. గాలి పొడిగా నున్నకొలది ఆ పని వేగముగా సాగును. వేసవిలో 40 డిగ్రీలు దాటు విడపనకల్లు పొడిగాలిలో కుండ యిచ్చు చల్లదనము, చెమట ఆఱని సముద్రతీరపు టూళ్ళలో రాదు.

మూడవది వాసన. రుచి యని మనము పిలుచునదానిలో పెద్దపాలు ముక్కుదే. జలుబు చేసిననాడు కూర చప్పనగుట అందరెఱిగినదే. చిటికెడు యాలకులపొడి, నాలుగు పుదీనాకులు, రవంత శొంఠి, తీపిని పెంచకయే తీపిభ్రాంతిని కలిగించును. ఒక్క ఉప్పురవ్వ చేదును అణచి, ఉన్న తీపిని పైకి తెచ్చును. కళింగరపై ఉప్పు చల్లుకొని తినువారి అలవాటులో ఈ శాస్త్రము దాగియున్నది.

నాలుగవది ఓర్పు. క్రొత్తరుచిని పిల్లలు అంగీకరించుటకు 8 నుండి 15 మార్లు, బలవంతము చేయక, చిన్నకొలతలో అందీయవలసి యుండునని శిశువుల ఆహారప్రవృత్తిని పరిశీలించినవారు చెప్పుదురు. రెండుమార్లు వద్దనగానే “వానికిది గిట్టదు” అని తీర్మానించుట తొందరపాటు. కవ్వము త్రిప్పుట, గింజలు ఏరుట, ఏ పండు వేయవలెనో చెప్పుట పిల్లలకే అప్పగించినచో, తాము చేసినదానిని తాము కాదనుట అరుదు.

నలుపు, చేదు, విరుగుడు

ఇంటిలో చేసిన పానీయము తఱచు మూడు విధములుగా చెడును: నల్లబడుట, చేదెక్కుట, పాలు విరుగుట. మూడింటికిని కారణములు వేరు, నివారణములు సులభములు.

అరటి, సపోటా, ఆపిల్ పండ్లలో కొన్ని వగరుపదార్థములు ఒక గదిభాగమునను, వానిని గాలితో కలిపి గోధుమవన్నె రంగుగా మార్చు ఎంజైము వేఱొక భాగమునను ఉండును. కోయుటతోడనే రెండును కలిసికొని నలుపు మొదలగును. నిమ్మరసము పిండినచో దాని పులుపు ఎంజైమును మందగింపజేయును, దానిలోని విటమిన్ సి పుట్టిన రంగును వెనుకకు మరలించును. అయితే ఆ ప్రయత్నములో విటమిన్ సి తానే వ్యయమైపోవును. గాలి, వేడి, కాలము ఈ మూడును దానికి శత్రువులు.

ఈ విటమిన్ చరిత్రకును మిరపపంటకును ఒక బంధుత్వము కలదు. హంగరీ దేశపు సెగెద్ నగరమున ఆల్బర్ట్ సెంట్‌జార్జి 1930 దశకమున దీనిని కిలోలకొలది తీయగలిగినది ఏ నిమ్మనుండియో కాదు, అక్కడి పొలములలో పండు ఎఱ్ఱమిరపనుండి. 1937లో ఆయనకు నోబెల్ బహుమాన మిచ్చిరి. కాని విడపనకల్లు కళ్ళములలో వారములతరబడి ఎండిన మిరపకాయలో ఆ విటమిన్ బహుస్వల్పముగా మిగులును. ఎండ చేయు పనినే నిలువయు నెమ్మదిగా చేయును. కావున ఉదయము పిండి ఫ్రిజ్‌లో నుంచి సాయంకాలము పోయు రసముకంటె, అప్పటికప్పుడు రుబ్బినది మేలు. ఈ విటమిన్ కొఱకు ఖరీదైన పండ్లను వెదుక నక్కఱలేదు: నూరు గ్రాముల చీనీలో ఇది 50 మిల్లీగ్రాములకు లోపు, అంతే బరువుగల జామకాయలో 200 మిల్లీగ్రాములకు పైమాటయే. ఆఱేండ్ల పిల్లకు సగము జామకాయతో ఆనాటి అవసరము తీరిపోవును. దానిని రుబ్బుటకంటె కొఱికి తినుటయే సుఖము.

చీనీరసము పిండినప్పుడు తీయగా నుండి, గంట రెండుగంటలకు చేదగుట మన జిల్లావారందరు ఎఱిగినదే. గింజలలోను, తొనలమీది తెల్లనిపొరలలోను చేదులేని ఒక పదార్థము కలదు. పొరలు నలిగి రసపు పులుపులో కలిసిన పిమ్మట అది మెల్లగా లిమొనిన్ అను చేదుగా మారును. మిక్సీలో కాయను పొరలతో, గింజలతో వేసి గట్టిగా రుబ్బినచో చేదు మఱింత హెచ్చును. తొనలనుండి గింజలు తీసి, పొరలు ఒలిచి, లోపలి తిత్తులను మాత్రము చేతితో నలిపి, తిత్తులతోనే వెంటనే త్రాగించుట దీనికి మందు. అట్లు చేసినప్పుడు రెండు కాయలకే గ్లాసు నిండును, వడకట్టు పని తప్పును.

ఇక పాలు విరుగుట. పాలలోని కేసీన్ అను మాంసకృత్తు సన్నని గుత్తులుగా తేలుచుండును; పులుపు ఒక హద్దు దాటగానే ఆ గుత్తులు ఒకదానినొకటి అంటుకొని ముద్దలగును. కాబట్టి పుల్లని పండ్లకు పాలు కాక పెరుగు తోడు చేయవలెను; పెరుగు ముందే పులిసి గట్టిపడినది గనుక క్రొత్తగా విరుగునది ఉండదు. తీయని సపోటా, అరటి, మామిడి పాలతో పొత్తు కుదుర్చుకొనును. బొప్పాయి విషయము వేఱు: దోరకాయ పాలలోని పపెయిన్ అను ఎంజైము కేసీన్‌ను త్రుంచి చేదుముక్కలు చేయును, బాగుగా మాగినదానిలో అది స్వల్పము. బొప్పాయి పాలు చేదైనవని వగచువారు కాయ మాగినదాక ఆగుట చాలును.

దానిమ్మ గింజలను మిక్సీలో ఎక్కువసేపు త్రిప్పినచో లోని తెల్లగింజ నలిగి వగరెక్కును. వానిని రుబ్బక, చిలికిన పెరుగులో అట్లే వేసి చెంచాతో తినిపించుట ఉత్తమము. పిల్లలకు వినోదము కావలెనన్నచో, దానిమ్మ లేక నేరేడు రసము రెండు చెంచాలు విడిగా తీసి, ఒకదానిలో నిమ్మరసము, ఒకదానిలో వంటసోడా చిటికెడు వేయవచ్చును. మొదటిది నిగనిగలాడు ఎఱుపుగను, రెండవది నీలిబూడిద వన్నెగను మారును. ఆంతోసయనిన్ అను పండురంగు పులుపును క్షారమును గుర్తుపట్టు తీరు అది. చూచిన పిమ్మట పారబోయవలెను, త్రాగుటకు కాదు.

కరువునేల చిక్కటి పానీయము

నగరములలో స్మూతీ యనుచు పండును, పెరుగును, ధాన్యమును, పప్పుగింజలను కలిపి రుబ్బి వడకట్టక త్రాగు పానీయము నేడు ప్రసిద్ధికెక్కినది. దానిని విడమరచి చూచినచో, అందులో మన సీమ ముసలివారికి తెలియనిది పండు తప్ప మఱొకటి లేదు. రాగి అంబలిలో మజ్జిగ పోసి త్రాగిన తరములవారు పీచును పారవేయక, ధాన్యమును పులిసిన పాలను జోడించి, చిక్కగా త్రాగిరి. పండ్లరసముకంటె స్మూతీకి అంబలియే దగ్గఱి చుట్టము.

రాగి మహిమ సున్నములో నున్నది. నూరు గ్రాముల రాగులలో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియమున్నదని పోషకాహార సంస్థ 2017 పట్టికలు చెప్పుచున్నవి. అంతే బరువుగల తెల్లబియ్యములో పది మిల్లీగ్రాములైన లేదు. ఆంధ్రప్రదేశ ప్రభుత్వ పాఠశాలలలో 2023 మార్చి 21న బెల్లము కలిపిన రాగిజావ నిచ్చుట ఆరంభించి, వారమునకు మూడురోజులు ఏర్పాటుచేయుట ఈ బలమును గుర్తించియే.

ఐతే జావకొక చిక్కు కలదు. పిండి ఎక్కువ వేసినచో ముద్దయగును, పిల్లవాడు మ్రింగలేడు. నీరెక్కువ పోసినచో చిన్నకడుపు నీటితోనే నిండి, బలము చాలదు. దీనికి విరుగుడు మొలక. రాగులను ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి ఒకటి రెండు దినములు మొలకెత్తించినప్పుడు, గింజలో అమైలేజ్ అను ఎంజైము పుట్టును. మొలకకు ఆహారమగుటకై పిండిని చిన్నచక్కెరలుగా త్రుంచుట దాని పని. ఆ మొలకలను ఎండబెట్టి పిండి విసరి యుంచుకొనవలెను. మామూలు పిండితో చిక్కగా కాచిన జావను, చేయి తాళునంత వేడికి ఆఱిన తరువాత, ఒక చెంచా మొలకపిండి కలిపి పదినిమిషములు ఉంచినచో, గరిటెనుండి జాఱని జావ కంటియెదుటనే పలుచనై పాఱును; మరల ఒక పొంగు రానిచ్చి దింపవలెను. పిండి తగ్గింపకయే జావ పలుచనగుట, తీపి తానై కలుగుట, ఖనిజములను పట్టియుంచు ఫైటిక్ ఆమ్లము మొలకెత్తుటలో తగ్గుట అను మూడు లాభములు దీనివలన కలుగును. ఆఱిన ఈ జావలో మాగిన సపోటానో అరటినో మెదిపి, కాచిన పాలు పోసి, యాలకులు చల్లినచో పంచదార మాట తలపునకు రాదు.

రెండవ సంపద వేరుశెనగ. బొప్పాయి, మామిడి, క్యారట్‌లకు పసుపువన్నె నిచ్చు కెరోటిన్, కంటిచూపునకు కావలసిన విటమిన్ ఏ గా దేహములో మారును; కాని అది నీటిలో కరగదు, కొవ్వులో కరగును. ఉత్తబొప్పాయి గుజ్జుకంటె, వేయించిన శెనక్కాయపప్పు ఒక గుప్పెడు పెరుగుతో కలిపి మెత్తగా రుబ్బి అందులో చేర్చిన గుజ్జునుండి కెరోటిన్ అధికముగా ఒంటబట్టును, మాంసకృత్తులును లభించును. ఇచట రెండు హెచ్చరికలు. పంట చివర బెట్ట తగిలిన కాయలలో ఒక బూజు అఫ్లటాక్సిన్ అను విషమును పుట్టించును, వేయించినను అది పూర్తిగా నశింపదు. ముడుతపడిన, రంగుమారిన, బూజుపట్టిన గింజలను తప్పక ఏరివేయవలెను. చిన్నపిల్లలకు గింజలు గొంతుకడ్డుపడును గనుక మెత్తగా నూరియే ఇయ్యవలెను. తినిన వెంటనే దద్దురు, వాపు కలుగువారికి అసలే కూడదు.

మూడవది పులుపు, అనగా పుల్లని పండ్లలోని విటమిన్ సి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆఱునెలలు మొదలు ఐదేండ్లలోపు భారత శిశువులలో 67.1 శాతము రక్తహీనులని తేలినది. ధాన్యములలోను ఆకుకూరలలోను గల ఇనుము సులభముగా రక్తమున చేరదు; విటమిన్ సి దానిని ప్రేగు గ్రహింపగల రూపమునకు మార్చును. కావున చీనీతిత్తుల పానీయమునకు తగిన వేళ భోజనసమయము. కాల్షియము ఇనుమును కొంత అడ్డగించును గనుక, రాగిపాల పానీయమును వేఱొక పూట, సాయంకాల మియ్యవలెను. టీ రెండు పూటలయందును పిల్లలకు తగదు. దాని వగరు ఇనుమును బంధించును.

నీటిమాట కూడ చెప్పవలసి యున్నది. అనంతపురము జిల్లాలో పెక్కుచోట్ల బోరునీట ఫ్లోరైడు హెచ్చు. 1995 ప్రాంతమున సత్యసాయి త్రాగునీటి పథకము 700కు పైగా గ్రామములకు నీరు తెచ్చుటకు ఈ బాధయు ఒక కారణము. కాచుటవలన క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు, నీరు ఇగిరినకొలది చిక్కబడును. కావున పానీయములకు శుద్ధిచేసిన నీటినే వాడవలెను. పాలు, రాగి, మజ్జిగలలోని కాల్షియము కడుపులో ఫ్లోరైడును కొంత పట్టి, రక్తములోనికి పోనీయదు. అది తోడ్పాటే కాని, శుద్ధజలమునకు బదులు కాదు.

ఎంత, ఎప్పుడు, ఎవరికి

ఏడాది నిండని శిశువునకు పండ్లరసము అక్కఱలేదు. ఆఱునెలలవఱకు తల్లిపాలు, ఆపైన వానితోబాటు మెదిపిన ఆహారము. తేనెయు ఏడాదిలోపు కూడదు; దానిలో నుండగల ఒక సూక్ష్మజీవి పసికడుపులో విషము పుట్టించును. ఏడాది నిండిన పిల్లలకు, రసమే యియ్యవలసివచ్చినచో, అమెరికా శిశువైద్యుల సంఘము 2017లో హద్దులు చెప్పినది: మూడేండ్లవఱకు దినమునకు 120 మిల్లీలీటర్లు, ఆఱేండ్లవఱకు 180, ఆపైన 240. ఇది గరిష్ఠపరిమితి, ఇంత త్రాగింపవలెనను విధి కాదు.

గ్లాసు చేతపట్టుకొని గంటసేపు చప్పరించుట దంతములకు చేటు. చక్కెరను నోటి క్రిములు ఆమ్లముగా మార్చును, పండుపులుపు దానికి తోడగును. ఒక్క కూర్చున్నచోట త్రాగి, నీటితో పుక్కిలింపవలెను. పాలపీకసీసాలో రసము పోసి నిద్రపుచ్చుట ఎన్నడును తగదు. విరేచనములు పట్టిన పిల్లకు తియ్యని రసము ఇచ్చినచో, ఆ చక్కెర ప్రేగులోనికి మఱింత నీటిని లాగి విరేచనములను పెంచును. ఉప్పును గ్లూకోజును తగుపాళ్ళలో గల ఓఆర్‌ఎస్ ఆ పూట ముఖ్యౌషధము. దారిలో అమ్ము రసములలోని మంచుగడ్డ ఏ నీటితో గట్టిపడినదో తెలియదు. గడ్డకట్టుటవలన క్రిములు చావవు.

పండుబొమ్మ వేసిన డబ్బాపానీయములను గూర్చి ఒక్కమాట. మన దేశపు నియమములలో ‘ఫ్రూట్ డ్రింక్’ అనుటకు నూటికి పది పాళ్ళు పండురసమున్న చాలును. తక్కినది నీరు, పంచదార. చిక్కగా ఇంకించి మరల నీరు కలిపిన రసములపై ‘100 శాతము పండ్లరసము’ అని వ్రాయుటను తొలగింపుడని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2024 జూనులో ఉత్పత్తిదారులను ఆదేశించినది. డబ్బా వెనుకనున్న చిన్న అక్షరములు చదువుట నేర్పిన పిల్లవానికి ముందువైపు బొమ్మ మోసము చేయజాలదు.

మొదటి ప్రశ్నకు ఇప్పుడు సమాధాన మియ్యవచ్చును. రసమును, పండును ఒకటి కావు. నమలగల పిల్లకు పండునే ఇయ్యుడు. నమలనొల్లనినాడు పెరుగుతోనో రాగిజావతోనో రుబ్బి, వడకట్టక, పంచదార వేయక, చిన్నగ్లాసుతో ఇయ్యుడు. మూడు చీనీకాయలు పిండి పిప్పి పారవేయు ఖర్చుతో ఒక కాయ, ఒక గుప్పెడు శెనక్కాయపప్పు, ఒక గరిటె రాగిపిండి వచ్చును. పిల్లవాని ఎముకకు, రక్తమునకు, ఆకలికి పనికివచ్చునది ఈ రెండవదియే.